గోడ అవతలి పెరుగు

చరిత్ర రాసేవాళ్లు పట్టాభిషేకాలకూ యుద్ధాలకూ తేదీలు వేస్తారు. ఒక మనిషి తన చిటికెన వేలును పాలలో మొదటిసారి ఎప్పుడు ముంచిందన్న సంగతి మాత్రం ఏ శాసనంలోనూ కనిపించదు. ఈ లోటును కొంతవరకైనా పూడ్చే ఉద్దేశంతో ఇక్కడ ఒక విషయం నమోదు చేయవలసి వస్తున్నది. 1978లో హత్నూర నుంచి ఇస్నాపూరుకు పెద్దకోడలిగా వచ్చిన నర్సింహమ్మ, వచ్చిన మూడో నాటి సాయంత్రం, కాచి దించిన పాలలో కుడిచేతి చిటికెన వేలు మొదటి కణుపు దాకా ముంచి, కళ్లు మూసుకొని, మూడు దాకా లెక్కపెట్టి తీసింది. వేలు చురుక్కుమనకూడదు. అలాగని చల్లగానూ తోచకూడదు. ఈ రెంటికీ నడుమ ఒక వెచ్చదనం ఉంటుంది. దాన్ని పట్టుకోవడంలోనే సమస్త విద్యా ఉన్నదని ఆమె సిద్ధాంతం. అటు తర్వాత ఢిల్లీలో ప్రభుత్వాలు పడ్డాయి, లేచాయి. బొంబాయి రోడ్డు వెడల్పయింది. జొన్నచేలలో పొగగొట్టాలు మొలిచాయి. ఆ వేలు మాత్రం దీపాల వేళకు ముందు పాలలో మునగడం ఒక్కనాడూ మానలేదు.

నర్సింహమ్మ పెరుగు మామూలు పెరుగు కాదు. ఆమె అత్త రాజవ్వ ఒక పండుగనాడు చుట్టాలందరి ముందూ పెరుగు గిన్నెను చిన్న కొడుకు నెత్తిమీద బోర్లించి పట్టుకున్నది. చిన్నరాములు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెరుగు జారలేదు. ఆనాటి నుంచి ఊళ్లో ఆమెకు "చెయ్యి" ఉన్నదని తీర్మానమైంది. చెయ్యి అంటే మామూలు చెయ్యి కాదు, అవి అందరికీ రెండేసి ఉంటాయి. తోడు వేస్తే పాలు మాట వినే చెయ్యి. ఇస్నాపూరులో పెళ్లి కుదిరితే మూడు పిలుపులు ముందు వెళ్లేవి: అయ్యగారికి, డప్పులవాళ్లకు, నర్సింహమ్మకు. పెళ్లింటివాళ్లు వచ్చి బొట్టుపెట్టి తీసుకుపోతే, గంగాళం పక్కన పీట మీద కూచొని వేలు ముంచేది. ఆ మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు పెళ్లివారు దగ్గడానికి కూడా బయటికి పోయేవారు.

1981లో చిన్నరాములును కట్టుకొని, ఆ ఇంటికి చిన్నకోడలిగా ముత్తంగి నుంచి మొగులమ్మ వచ్చింది. పొట్టి మనిషి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. నర్సింహమ్మ ఆమెకు ఇల్లు అలకడం, పెంట తీయడం, నీళ్లు మోయడం అప్పగించింది. పాల దగ్గరికి మాత్రం రానివ్వలేదు. "నీకెందుకే మొగులీ, నేనున్న గద" అనేది. ఎనిమిదేళ్లు అలా గడిచాయి. ఆ ఎనిమిదేళ్లే తన జీవితంలో స్వర్ణయుగమని నర్సింహమ్మకు తర్వాత తెలిసింది. స్వర్ణయుగాలన్నీ అంతే, అయిపోయాక గానీ పేరు రాదు.

ఈలోగా ఆమె పెనిమిటి పెద్దరాములు రోడ్డు పక్కన వెలసిన మందుల కంపెనీలో చేరాడు. పొడి జల్లించి డబ్బాల్లో నింపే పని. ఖాకీ బట్టలు, కంపెనీ బస్సు, మెడలో బిళ్ల. అక్కడ తయారయ్యేది క్రిములను చంపే మందు. దేశదేశాలకు పోయేది. కొంత పెద్దరాములు జేబులో పడి ఇస్నాపూరుకు కూడా వచ్చేది. ఎరుపూ పసుపూ కలిసిన గోలీలు. సర్ది చేస్తే ఒక గోలీ. తుమ్మితే ఒక గోలీ. పిల్లవాడు బడికి పోనని ఏడిస్తే, ఒళ్లు వెచ్చగా ఉన్నదేమోనని ముందుజాగ్రత్తగా ఒక గోలీ. "మా ఇంట్ల గోలీలకేం కొదవ!" అని నర్సింహమ్మ బోరింగు దగ్గర చెప్పుకునేది. వినేవాళ్లు ఒకటో రెండో అడిగి తీసుకుపోయేవారు. ఇవ్వడంలో ఆమెకు సుఖం ఉండేది.

ఆ స్వర్ణయుగం చివరికొచ్చేసరికి గోలీలతో పాటు జార్లు కూడా రావడం మొదలైంది. మూత బిగువు లేదనో, అడుగున సొట్ట ఉన్నదనో కంపెనీ పక్కన పడేసిన తెల్లటి ప్లాస్టిక్ జార్లు. పనివాళ్లు వాటిని దులిపి ఇళ్లకు తెచ్చుకునేవారు. ఆ రోజుల్లో ఇస్నాపూరులో పప్పు, ఉప్పు, చింతపండు, పెళ్లిపత్రికలు అన్నీ మందు జార్లలోనే ఉండేవి. నెలకో రెండు నెలలకో కొత్త జారు వస్తే, నర్సింహమ్మ దానికి ఇంట్లోకెల్లా గౌరవమైన స్థానం ఇచ్చేది. అంటే పాలు పోసేది. పాత మట్టికుండను బర్రె కుడితికి మార్చింది. కొత్త జారును చన్నీళ్లతో ఒకసారి తొలిచి ఊరుకునేది.

"జెర బూడిద పెట్టి తోమరాదే" అన్నాడు ఒకసారి పెద్దరాములు.

"మందు పోసిన డబ్బకు తోముడేంది? దానికన్న సాఫ్ మన చేతులున్నయా?" అన్నది నర్సింహమ్మ.

వాదనలో లోపమేమీ కనబడక పెద్దరాములు బీడీ వెలిగించుకున్నాడు.

1989లో రాజవ్వ పోయింది. ఆమె దినం అయిన నెలకు అన్నదమ్ములు వేరుపడ్డారు. వాకిలి మధ్య రొమ్మెత్తు గోడ లేచింది. కంపెనీ నౌకరి ఉన్నది గనుక పెద్దరాములుకు ఒక బర్రె, సాగు చేసేవాడు గనుక చిన్నరాములుకు మూడు బర్రెలు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. గోడకు అవతలి పక్క మొగులమ్మ మొదటిసారి సొంత పొయ్యి పెట్టుకున్నది. నర్సింహమ్మ జాలిపడింది. పాపం, దానికి పాలు తోడుపెట్టడం కూడా రాదు గదా.

ఏడాది తిరగకముందే నర్సింహమ్మ ఇంట్లో పాలు తోడుకోవడం మానేశాయి.

మొదటిరోజు వేలు తప్పిందనుకున్నది. రెండోరోజు తోడు పాడైందనుకున్నది. తోడు మార్చింది, వేళ మార్చింది, జారు మీద గోనెపట్టా కప్పింది, పొయ్యి పక్కకు జరిపింది, బర్రెకు దిష్టి తీసింది. పొద్దున మూత తీస్తే తెల్లగా, పల్చగా, నిన్న పోసిన పాలే నిన్నటి మొహంతో చూసేవి. ఇరగను కూడా ఇరిగేవి కావు. మొదట్లో దాన్నీ ఆమె గొప్పగానే చెప్పుకున్నది: "మా పాలు రెండొద్దులున్నా ఇరగవు!" అన్నీ మార్చింది గాని జారును మాత్రం అనుమానించలేదు. మందును ఎవరు అనుమానిస్తారు?

అప్పుడే సంగమ్మ బిడ్డ పెళ్లి వచ్చింది. సంగమ్మ నాలుగిళ్ల అవతలి మనిషి. గంగాళం వేరే ఊరికి పోయిందంటే, నర్సింహమ్మే పెద్దమనసు చేసుకొని మూడు పెద్ద కంపెనీ జార్లు పంపింది. నలభై లీటర్ల పాలు. పీట వేశారు. వేలు ముంచింది. పెళ్లివారు బయటికి పోయి దగ్గారు.

తెల్లవారి మూడు జార్లలోనూ పాలే ఉన్నాయి.

మగపెళ్లివారిలో ఒక ముసలాయన విస్తరిలోకి చూసి, "ఏందిరా, పాలన్నం పెట్టిన్రు? మేమేమన్న సంటిపిల్లలమా?" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. సంగమ్మ మొహం మాడిపోయింది. అంతలో ఎవరో ఉరికిపోయి చిన్నరాములు ఇంటి నుంచి నాలుగు కుండల పెరుగు మోసుకొచ్చారు. గరిటె గుచ్చితే నిలబడింది. ముసలాయన మూడుసార్లు వేయించుకొని, "ఇది ఏ తల్లి చెయ్యి?" అని అడిగాడు.

"మొగులమ్మది" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

నర్సింహమ్మ చెవుల్లో ఆ మాట సీసంలా పడింది. అప్పటి నుంచి పెళ్లిళ్లకు పెరుగు కుండలు అవతలి ఇంటి నుంచే పోయేవి.

ఈర్ష్యకు మన పెద్దలు మంట, కుళ్లు, కడుపుబ్బరం అని రకరకాల పేర్లు పెట్టారు. నర్సింహమ్మకు మూడూ కలిసి వచ్చాయి. గోడ పక్కన రోలు బోర్లించి, దానిమీద ఎక్కి, బట్టలు ఆరేసే నెపంతో అవతలికి చూసేది. ఒక్క చీరను ఆరేయడానికి ఆమెకు పావుగంట పట్టేది. అవతల మొగులమ్మ కుండ దించుతున్నది. మీగడ పక్కకు తీస్తున్నది. ఇద్దరు కొడుకులకు సద్దిలో పెరుగు వేస్తున్నది. ఆ పిల్లలు ముక్కు కారని పిల్లలు. వానలో తడిసినా, చెరువులో పడ్డా, పచ్చి మామిడికాయలు తిన్నా వాళ్లకు ఏమీ కాదు. రొమ్ములు తలుపు చెక్కల్లా ఉన్నాయి. ఇవతల తన ఒక్క కొడుకు లింగానికి ఐదేళ్లు, మెడలో తాయెత్తులు మూడు, నెలకు నాలుగు గోలీలు, అయినా కాళ్లు సన్నగా అగ్గిపుల్లల్లా ఉన్నాయి.

"వాళ్లింట్ల ఒక్క గోలీ గూడ లేదు. ఎట్ల బతుకుతున్నరో పాపం" అనేది నర్సింహమ్మ పెనిమిటితో. ఆ పాపంలో జాలి తప్ప అన్నీ ఉండేవి.

"బాగనే బతుకుతున్నరు గదనే" అన్నాడు పెద్దరాములు.

"అదే నేననేది!"

మొగులమ్మ ఏదో చేసిందన్నది ఆమె అభిప్రాయం. చేతిలో విద్యను ఎత్తుకుపోవడం కుదరదని చదువుకున్నవాళ్లు అంటారు. కానీ ఎనిమిదేళ్లు ఒక పొయ్యి దగ్గర తిరిగిన మనిషి వేరుపడ్డ ఏడాదికే ఆ విద్య గోడ దాటితే, నడిచి దాటిందా, ఎవరైనా ఎత్తుకొని దాటించారా అన్న ప్రశ్న మిగులుతుంది కదా.

1992లో గాయం మీద కారం పడింది. నర్సింహమ్మ ఇంటి ముందు గదిలోకి బాపిరాజు అనే కుర్రాయన కిరాయికి వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. అదే కంపెనీ ల్యాబులో కెమిస్టు. వచ్చిన రోజే, "కాస్త పెరుగు దొరుకుతుందాండి? పెరుగు లేకపోతే నాకు అన్నం తిన్నట్టుండదు" అని అడిగాడు. నర్సింహమ్మ సమాధానం ఆలోచించుకునేలోగా గోడ మీదుగా ఒక చెయ్యి లేచింది. ఆ చేతిలో స్టీలు గిన్నె. "తీస్కో సారూ, పొద్దుటిది" అన్నది మొగులమ్మ నవ్వు గొంతు. నాటి నుంచి రోజూ ఆ గిన్నె గోడ దాటేది. తన ఇంట్లో కిరాయికుండేవాడు, తన కళ్ల ముందు, తన గోడ మీదుగా! రాజ్యాలు పోయిన రాజులు కూడా ఇంత దగ్గరి నుంచి చూసి ఉండరు.

మరుసటి ఏడు వానాకాలంలో లింగానికి మోషన్లు పట్టుకున్నాయి. గోలీ వేసింది. తగ్గినట్టే తగ్గి రెండింతలయ్యాయి. రెండు వేసింది. మూడు వారాలకు పిల్లవాడు మంచంలో వడిలిన తోటకూర కాడలా పడ్డాడు. కళ్లు లోపలికి పోయాయి. పిలిస్తే పలికేవాడు గాని, లేచి ఆడేవాడు కాదు. నర్సింహమ్మకు పెళ్లిళ్లూ పంక్తులూ అన్నీ మరుపున పడ్డాయి. సంగారెడ్డి పెద్ద దవాఖానకు ఎత్తుకుపోయింది.

డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, "ఇప్పటిదాక ఏమేం మందులు వేసినవ్?" అని అడిగింది.

నర్సింహమ్మ గర్వంగా చెప్పింది. జాబితా సగంలో ఉండగానే డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"నువ్వు కొడుకును సాదుతున్నవా, గోదాము నింపుతున్నవా? గోలీలు బంద్ చెయ్. ఉప్పు చక్కెర నీళ్లు తాపు, ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు. మెత్తని అన్నంల ఇంట్ల తోడువెట్టిన పెరుగు, కమ్మగున్నది, కలిపి పెట్టు. వారానికి మళ్ల తీస్కరా. అంతల నీరసం ఎక్కువైతే ఆగకుండ ఉరికిరా."

"పెరుగా?" అన్నది నర్సింహమ్మ. డాక్టరమ్మ విషం పెట్టమన్నా ఆ గొంతు అలా వణికేది కాదేమో.

పటాన్‌చెరులో ఒక హోటల్ పెరుగు తెప్పించింది. నిమ్మకాయ సిగ్గుపడేంత పులుపు. లింగం ఉమ్మేశాడు. అవతలి గోడ వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చి, పంక్తిలో నవ్విన నవ్వు గుర్తొచ్చి, మళ్లీ కడుపులోకి పోయింది. అప్పుడామె తన జీవితంలో మొదటి దొంగతనం చేసింది. బాపిరాజు స్నానానికి పోయినప్పుడు అతని గిన్నెలోంచి ఒక గరిటె పెరుగు తీసి, తన పాలలో తోడు వేసింది. కొత్త జారులో.

తెల్లవారి పాలే.

రెండోరోజు రెండు గరిటెలు. పాలే. ఐదో రోజు గిన్నె మొత్తం వంపింది. అప్పుడు కూడా పాలే. నర్సింహమ్మ జారు ముందు కూచొని మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఈర్ష్యతో కాదు. లోపల మంచంలో లింగం నీళ్లడుగుతున్నాడు.

ఏడుపు విని బాపిరాజు వచ్చాడు. జారు చూశాడు. మూత తిప్పి, మర చుట్టలో గోరు పెట్టి గీరాడు. గోటి కింద తెల్లటి పొడి వచ్చింది.

"దీంట్లోనా అండి మీరు పాలు పోసేది?"

"మంచి డబ్బ సారూ. మందుది."

"మందుది కాబట్టేనండి ఈ గోల!" అని అతను గడప మీద కూలబడ్డాడు. "మా ల్యాబులో గాజు పళ్లెంలో క్రిముల్ని పచ్చిక పెంచినట్టు పెంచుతామండి. మధ్యలో రాములుగారు జల్లించే పొడి రవ్వంత వేస్తే చాలు, చుట్టూ ఇంతమేర బట్టతలైపోద్ది. ఆ బట్టతల కొలిచి మందు ఘాటు చెప్తాం. నా ఉద్యోగం అదే. బట్టతలలు కొలవడం. పెరుగు చేసేదీ క్రిములేనండి."

"మా ఇంటి పెరుగుల పురుగులుండయ్ సారూ!" అన్నది నర్సింహమ్మ, ఏడుపు ఆపి మరీ.

"ఉంటేనే పెరుగండి. లేవు కాబట్టే ఇవి పాలు. పురుగులంటే కంటికి కనబడేవి కాదు, మంచివి. మందుకు మంచీ చెడ్డా తెలియదు. ఎదురొచ్చినవాణ్ణల్లా లేపేస్తుంది. మీరెంత తోడు వేసినా అది చచ్చిపోతోంది."

ఆమె జారు వైపు చూసింది. తర్వాత లోపలి మంచం వైపు చూసింది.

"అదేనండి" అన్నాడు బాపిరాజు గొంతు తగ్గించి. "కడుపూ అంతే. అక్కడ కోట్లమంది కాపురం ఉంటారు. అన్నం అరగడానికి సాయం పట్టేది వాళ్లు. బయటి రోగం లోపలికి రాకుండా వాకిట్లో కూర్చునేది వాళ్లు. ఎవడు దొంగో ఎవడు చుట్టమో ఒంటికి నేర్పేదీ కొంత వాళ్లేనని మా పుస్తకాల్లో ఉంటుంది. మీరు గోలీ వేసినప్పుడల్లా ఊరు ఖాళీ అవుతోంది. ఖాళీ ఊళ్లో ఎవరు దిగుతారు? దొంగలు. పైగా రోజూ పాలతో పాటు కాస్త కాస్త మందు తాగుతున్నాడు పిల్లాడు."

"పెరుగు పెడితే ఊరు నిండుతదా?"

"ఒక్కపూటలో నిండదండి. పెరుగు అమృతం కాదు, నేను డాక్టర్నీ కాదు. పెరుగుతో వచ్చేవాళ్లు నాలుగు రోజులుండి పోయే చుట్టాలే. కానీ చుట్టాలున్న ఇంట్లో దొంగలు కుదురుగా ఉండలేరు కదా. ఈలోగా అసలువాళ్లు మెల్లగా తిరిగొస్తారు. ముందు గోలీలు ఆపాలి. ఆ జారు అవతల పారెయ్యాలి. కొత్త మట్టికుండలో తోడు వేసి చూడండి. నా గిన్నెలో పెరుగు..."

అతను లోపలికి పోయి గిన్నెతో వచ్చాడు. గిన్నె తళతళ మెరుస్తున్నది.

"ఐదు రోజులుగా చూస్తున్నానండి. మీ ఊళ్లో పిల్లి గరిటెతో తింటుందా అని ఆశ్చర్యపోతున్నాను."

నర్సింహమ్మ కొంగు నోట్లో పెట్టుకున్నది.  రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. బాపిరాజు చెప్పులు వెతుక్కుంటూ ఉరికాడు.

మధ్యాహ్నానికి కొత్త కుండ వచ్చింది. కడిగి, ఎండబెట్టింది. సాయంత్రం పాలు కాగాయి. తోడు లేదు. దీపం పెట్టాక ఏ ఇల్లాలూ ఇంట్లోంచి తోడు బయటికి ఇవ్వదు. ఇస్తే వెనకాలే లక్ష్మి కూడా నడిచిపోతుందని నమ్మకం. ఆమె గోడ చుట్టూ తిరిగి అవతలి వాకిట దాకా పోయి, బర్రె కోసం వచ్చినట్టు నటించి తిరిగొచ్చింది. మళ్లీ పోయి, కోడిని అదిలించి తిరిగొచ్చింది. ఆ వాకిట్లో కోడి లేదు. పొద్దు దిగుతున్నది. లింగం లోపల సన్నగా మూలిగాడు. మూడోసారి ఆమె ఆగకుండా గడప దాకా నడిచింది.

మొగులమ్మ దేవుడి గూటి ముందు అగ్గిపెట్టె పట్టుకొని ఉన్నది.

"ఏందక్కా, గిట్లొచ్చినవ్? నాలుగేండ్లయె ఈ గడప తొక్కక. తొవ్వ తప్పినవా?"

"తప్పలే."

"మరి? జల్దీ చెప్పు, దీపం ముట్టియ్యాలె."

నర్సింహమ్మ గూటి వైపు చూస్తూ, గోడకు చెప్పినట్టు చెప్పింది. "జెర తోడు గావాలె. లింగానికి."

మొగులమ్మ తీసిన అగ్గిపుల్లను మళ్లీ పెట్టెలో పెట్టింది. ఆ కాసేపట్లో నర్సింహమ్మ ఎనిమిదేళ్ల పెంటకుప్పలూ, నీళ్ల బిందెలూ, "నీకెందుకే మొగులీ" అన్న మాటా అన్నీ తిరిగి తన మీదికి వస్తున్నట్టు నిలబడింది.

"ఇస్నాపూర్‌కు తోడిచ్చిన చెయ్యి ఇయ్యాల మా ఇంటికి తోడుకొచ్చిందా?" అన్నది మొగులమ్మ.

"అను. ఇంకా అను. అన్నంక ఇయ్యి."

"అయ్యో, అన్న గదక్కా! ఇంకేమంట?" అని మొగులమ్మ అగ్గిపెట్టె గూట్లో పడేసి లోపలికి పోయింది. చీకటి పడుతున్నా దీపం ముట్టించలేదు. గిన్నె నిండా పెరుగు తెచ్చి చేతిలో పెట్టి, "తోడుకు ఇంత చాలు, మిగిలింది పోరనికి ఇప్పుడే పెట్టు. పొద్దుగాల నేనే తెస్త. నువ్వు గోడెక్కకు, రోలు జారుతది" అన్నది.

రోలు సంగతి తెలుసన్న మాట. నర్సింహమ్మ మొహం వేడెక్కింది. కానీ గిన్నె వదల్లేదు.

తెల్లవారి కుండ కదిపితే పెరుగు కదిలింది గాని చెదరలేదు. వారానికి లింగం లేచి కూచున్నాడు. రెండోవారం వాకిట్లోకి వచ్చాడు. నెలన్నరకు చిన్నమ్మ కొడుకులతో కలిసి చెరువులో పడి, అమ్మ చేత దెబ్బలు తిన్నాడు. డాక్టరమ్మ గోలీలు ఆపినందుకు, నీళ్లు తాపినందుకు, పెరుగు పెట్టినందుకు, మూడింటికీ కలిపి మెచ్చుకున్నది. ఊళ్లో మాత్రం ఖ్యాతి అంతా పెరుగుకే వచ్చింది. జార్లన్నీ పెంటకుప్ప ఎక్కాయి. పెద్దరాములు కొత్త జారు తెచ్చిన నాడు, దాంతో పాటు అతనూ గంటసేపు బయటే ఉన్నాడు.

ఇక్కడితో నర్సింహమ్మ ఈర్ష్య చల్లారిందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఆమె తెలియదు. తన పెరుగు పేరుతున్నది, సంతోషమే. కానీ పేరుతున్నది మొగులమ్మ తోడుతో. తన కొడుకు నడుస్తున్నాడు, సంతోషమే. కానీ వాడి కడుపులో తిరుగుతున్నది మొగులమ్మ ఇంటి చుట్టాలు. ఇదివరకు మొగులమ్మ గెలిచిందనే బాధ. ఇప్పుడు గెలిచి, పైగా మంచిది కూడా అయింది. గెలిచినవాళ్లను ఓర్చుకోవచ్చు, మంచివాళ్లను ఓర్చుకోవచ్చు. రెండూ ఒక్కరే అయితే ఎదుటివాళ్లు ఎక్కడికి పోవాలి?

పైగా తన కుండలో గరిటె ఒరుగుతుంది, అవతలి కుండలో నిలబడుతుంది. అదే తోడు, అలాంటి కుండ, అదే గడ్డి మేసిన బర్రెలు. మరి తేడా ఏమిటి? చెయ్యి. అంతకంటే ఇంకేముంటుంది? ఎనిమిదేళ్లపాటు ఆ చేతిని ఆమె రకరకాలుగా గమనించింది. మొగులమ్మ గాజులు ఎన్ని, గోళ్లు ఎప్పుడు తీస్తుంది, ఎడమచేత్తో ఏం చేస్తుంది. తోడు వేసే వేళకు మాత్రం తన పాలు పొయ్యి మీద ఉండేవి గనుక, ఆ ఒక్కటి చూడటం పడలేదు. అడగడానికి నోరు రాలేదు. ఒకసారి తోడు అడిగిన మనిషి గుట్టు కూడా అడిగితే ఇంక మిగిలేదేమిటి?

2001లో ఐలన్న అనే మేస్త్రీ తన బిడ్డ పెళ్లికి పాత పద్ధతిలో గంగాళంలోనే తోడు వేయించాలని పట్టుబట్టాడు. ఎవరిని పిలవాలో తేలక, ఇద్దరు తోడికోడళ్లకూ బొట్టుపెట్టించి తీసుకుపోయాడు. పెళ్లింటి నడవలో పాలు పొగలు చిమ్ముతున్నాయి. ఒక్కటే పీట ఉన్నది. చుట్టూ ఆడవాళ్లు చేరారు.

నర్సింహమ్మ పీట వైపు చూసింది. తర్వాత మొగులమ్మ చేతి వైపు చూసింది. పీటను కాలితో మెల్లగా అటు జరిపింది.

"కూసో మొగులీ. నువ్వే ఎయ్యి. నీ చెయ్యే పెద్దది, ఒప్పుకుంటున్న. గీ నలుగురి ముందట జెర నీ ఇగురం చూపియ్యి. నేనూ చూసి నేర్సుకుంట."

మొగులమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకు రాదక్కా."

"ఏంది రాకపోవుడు? పరాచికమా?"

"నీ తోడు, రాదు. పాల కాడికి నన్నెన్నడు రానిచ్చినవ్? వేరువడ్డంక గూడ నేనెయ్యలే. పొద్దున లేసి కుండ దించుకునుడే నా పని."

"మరి మీ ఇంట్ల ఎవరేస్తరే?" అని ఐలన్న పెండ్లాం అడిగింది.

పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో పాలకు తోడు వేస్తున్నది చిన్నరాములు. బర్రెలు పిండుకొచ్చి, పాలు కాచి, ఇంత తోడు పడేసి, బీడీ ముట్టించుకునేవాడు.